మేస్త్రి ఎవరని అడిగితే

పెళ్లిళ్లకు వంట చేసే ముఠాలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. తాండూరు, వికారాబాద్, వాటి చుట్టూ ఉన్న మండలాలు, ఇంతే నేను తిరిగిన లోకం. చదువు మూడో తరగతితో ఆగింది. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక తాండూరులో ఇంటి పట్టున ఉంటున్నాను.

ఈ మధ్య ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. కొందరు నా దగ్గరికి వచ్చి బగార అన్నంలో మసాలా ఎంత, బొబ్బట్లు, అదే మా పోలెలు, పలుచగా రావాలంటే పిండి ఎట్లా కలపాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెప్తారు. వంట రావడం ఒకటి, వంటశాలలో నీ మాట చెల్లడం ఇంకొకటి. మొదటిది నాకు పదేళ్లలో వచ్చింది. రెండోదాని విషయంలో రెండు పెద్ద తప్పులు చేశాను. మొదటి తప్పుకు అన్నం పాడయ్యేది. రెండో తప్పుకు ఒక మనిషి బతుకే పక్కదారి పట్టేది. ఆ రెండూ రాస్తున్నాను. మిగతాది పొయ్యి ముందు నిలబడితే అదే వస్తుంది.

చాపల వైపు, బట్టీల వైపు

పెళ్లి వంటశాలకు రెండు వైపులుంటాయి. ఒక వైపు గ్యాస్ బట్టీలు, వాటి మీద పెద్ద డేగిశలు. అక్కడ మగవాళ్లు నిలబడతారు. రెండో వైపు నేల మీద చాపలు. అక్కడ ఆడవాళ్లు కూర్చుంటారు. ఉల్లిగడ్డలు కోయడం, ఎల్లిగడ్డ పొట్టు తీయడం, జొన్న రొట్టెలు కొట్టడం వాళ్ల పని. మా దిక్కు రొట్టె లేకుండా భోజనాల బంతి లేవదు కాబట్టి రొట్టెలు కొట్టేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే కావాలి. నేను అట్లా రొట్టెలు కొట్టడానికే ఈ పనిలోకి వచ్చాను.

ఇంట్లో మూడు పూటలా పొయ్యి ముందు ఆడదే ఉంటుంది. అదే వంట ఐదువందల మందికి అయ్యేసరికి మగవాడి పని అవుతుంది. ఎందుకని అడిగితే డేగిశ బరువు అంటారు. నేను చూసినంతవరకు ముఠాను నడిపే ఏ మేస్త్రీ డేగిశ మోయలేదు. రెండు కట్టెలు దూర్చి నలుగురు మోస్తారు. ఆ నలుగురిలో నేనూ చాలాసార్లు ఉన్నాను. మేస్త్రి పక్కన నిలబడి 'మెల్లగ, మెల్లగ' అంటాడు.

మేస్త్రి చేసే అసలు పని వేళ చూసుకోవడం. ఏ పొయ్యి ఎప్పుడు ముట్టించాలి, ఏది ఎప్పుడు దించాలి, వచ్చేవాళ్లు ఆలస్యమైతే ఏది ఆపాలి. తినేవాళ్లు కూర్చునేసరికి అన్నీ ఒకేసారి సిద్ధంగా ఉండాలి, మిగిలి పారబోసేంత ఉండకూడదు. పారబోసే అన్నం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చేతకాని మేస్త్రిని చెత్తబుట్ట చూసి గుర్తుపట్టవచ్చు.

కుర్చీలో మనిషి

మా ముఠాకు మేస్త్రి నా భర్త నర్సిములు. మంచి పనివాడు. ఆయన దగ్గరే నేను అంతా నేర్చుకున్నాను. యాభై దాటాక చక్కెర జబ్బుతో ఆయన చూపు తగ్గిపోయింది. అప్పటి నుంచి బట్టీల పక్కన ఒక కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టేవాళ్లం. వంట నేను చూసేదాన్ని. ఇంటివాళ్లు వచ్చి మాట్లాడేది మాత్రం కుర్చీలో ఉన్న మనిషితో.

దౌల్తాబాద్ దిక్కు ఒక రైతు ఇంటి పెళ్లిలో ఆ ఇంటి పటేల్ వచ్చి కుర్చీ ముందు నిలబడ్డాడు.

"మేస్త్రీ, పప్పు అయ్యిందా? దించొచ్చునా?"

"ఇంకో పది నిమిషాలు ఆగాలె పటేలా," అన్నాడు మా ఆయన, పెద్ద ఠీవిగా.

పటేల్ తృప్తిగా వెళ్లిపోయాడు. అతను పోగానే మా ఆయన నా వైపు వంగాడు. "ఏమే, నేను చెప్పింది సరేనా?"

"దించి అరగంటైంది. నీ కాళ్లకాడనే ఉన్నది."

"మరి వాసన రాదేంది?"

"మూత పెట్టిన."

"మూత పెట్టినప్పుడు చెప్పాలె గద. ఇప్పుడు ఇజ్జత్ పోతుండె."

"ఎవ్వని ఇజ్జత్? ఆయన నువ్వు చెప్పింది నమ్మి పోయిండు. నేను చెప్తె వచ్చి మూత తీసి చూసెటోడు."

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్లో నాకు అది నవ్వులాటగానే ఉండేది. చూపున్న నా మాట కంటే చూపు లేని ఆయన మాటకు బరువు ఎక్కువ అని తెలుసు. తెలిసినా బాధపడలేదు. పని జరుగుతోంది కదా అనుకున్నాను. ఐదారేళ్లు అట్లాగే గడిచింది.

మొదటి తప్పు

పెళ్లి వంటకు పొయ్యి ముట్టించే ముందు ఒక పూజ చేస్తారు. బట్టీకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటి యజమాని మేస్త్రి చేతిలో తాంబూలం పెడతాడు. ఆ చేత్తోనే మేస్త్రి మొదటి పొయ్యి ముట్టించాలి. మా ఆయన పోయాక ఆ తాంబూలం అందుకునే అర్హత నాకు లేకుండా పోయింది. భర్త పోయిన ఆడది పెళ్లి పొయ్యి ముట్టించకూడదు. ఎవరూ నా మొహాన ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు. నేనే వెనక్కి జరిగాను.

అప్పుడు మా ముఠాలో కూరగాయలు కోసే యాదయ్యను ముందు నిలబెట్టాను. యాదయ్యకు మీసం బాగుంటుంది, గొంతు పెద్దది, తెల్లంగీ మాయకుండా ఉంచుకుంటాడు. మనిషి నిక్కచ్చి. వంట మాత్రం రాదు.

"నీ పని పొయ్యి ముట్టించుడు, అంతే," అని చెప్పాను. "ఎవరేమడిగినా నాకు చెప్పు. నేను చూసుకుంట."

"అట్లనే అక్కా," అన్నాడు.

వికారాబాద్‌లో ఒక వ్యాపారుల ఇంటి పెళ్లి ఒప్పుకున్నాం. ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం భోజనాలు. మగపెళ్లివాళ్లు దూరం నుంచి బస్సుల్లో రావాలి. నేను వెనక గదిలో పోలెలు చేయిస్తున్నాను. పెళ్లి పెద్దగా నిలబడ్డ పెళ్లికూతురి మేనమామ చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే వచ్చి యాదయ్యను అడిగాడు: "మేస్త్రీ, వాళ్లు దగ్గరికొచ్చిండ్రంట. అన్నం వేసిండ్రా?"

"ఇప్పుడే వేస్తున్నం సావుకారీ," అన్నాడు యాదయ్య. అని, మా వాళ్ల వైపు తిరిగి బియ్యం వేయించాడు. నాలుగు డేగిశలు. నేను బయటికి వచ్చేసరికి అన్నం ఉడికిపోయి మూతల కింద ఉంది. దగ్గరికి వచ్చామన్నవాళ్లు దారిలో టిఫిన్ కోసం ఆగారట. ఇంకా రెండు గంటలు పడుతుందని తర్వాత తెలిసింది. అంతసేపు మూత కింద ఆవిరిలో ఉంటే అన్నం ముద్ద కాక ఏమవుతుంది?

"ఎవర్నడిగి వేయించినవు యాదయ్యా?"

"ఆయన అడిగిండక్కా."

"ఆయన అడిగితె నువ్వు నన్నడగొద్దా?"

"ఎట్లడుగుత? పొద్దుగాల ఆయనే నా చేతిల తాంబూలం పెట్టిండు. మేస్త్రి అనుకుంటుండు. జరాగు, అడిగొస్త అంటె ఏమనుకుంటడు? మేస్త్రికి తెల్వదంటె ఎవడన్న ఒప్పుకుంటడా?"

ముందు పని చూడాలి కాబట్టి నేనే మేనమామ దగ్గరికి వెళ్లాను. "అయ్యా, అన్నం జర ముందుగాల అయ్యింది. దాన్ని వేరే తీరుగ వాడుతం, మీరు పరేషాన్ కావొద్దు," అని చెప్పబోయాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వెవరమ్మా? మేస్త్రిని పిలువు."

వెళ్లి పిలుచుకొచ్చాను. యాదయ్య తల వంచుకుని నిలబడి తిట్లన్నీ తిన్నాడు. నేను అతని వెనక నిలబడి చేయాల్సింది చెవిలో చెప్పాను. అతను అదే పైకి గట్టిగా చెప్పాడు. ఉతికిన బట్టలు నాలుగు పరిచి ఫ్యాన్ల కింద అన్నం ఆరబోశాం. పైన పలుకుగా ఉన్నది పులిహోరకు, అడుగున మెత్తబడ్డది పెరుగన్నానికి పోయింది. బస్సులు నిజంగా గేటు దాటాక తెల్లన్నం మళ్లీ వేశాం. ఒక్క గంటెడు కూడా పారబోయలేదు.

భోజనాలయ్యాక ఆ మేనమామ మళ్లీ వచ్చాడు. పులిహోర బాగుందని, సమయానికి తెలివి చూపించావని యాదయ్య భుజం మీద శాలువా కప్పాడు. ఆటోలో తిరిగి వస్తుంటే యాదయ్య దాన్ని మడత పెట్టి నా ఒళ్లో పెట్టాడు.

"ఇది నీదే అక్కా."

"నాకెందుకు? ఎండలు మండుతున్నయి."

"మరి నాకెందుకు? తిట్లు తిన్నందుకా?"

తీసుకున్నాను. గట్టి బట్ట. ఇప్పటికీ మా ఇంట్లో ఇస్త్రీ చేసుకునే బల్ల మీద పరిచి ఉంటుంది.

చాలా రోజులు ఆ తప్పు యాదయ్యది అనే అనుకున్నాను. తర్వాత తర్వాత తెలిసింది, అది నాదే. మేస్త్రి అన్న పేరు ఒక మనిషికి తగిలించి, మేస్త్రి చేసే పని చేయవద్దంటే అతను ఏం చేస్తాడు? 'అడిగి చెప్తా' అనమని నేను చెప్పినా అతని నోరు అట్లా తిరగలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజు తిట్లు నా మీద పడకుండా అతని మీద పడ్డాయి. నాకు లోపల హాయిగానే అనిపించింది. ఆచారం అడ్డమని యాదయ్యను ముందు పెట్టానని చెప్పుకునేదాన్ని. ఆ అడ్డం వెనక నిలబడటం నాకూ అలవాటైంది. పెత్తనం కావాలి, దానితో వచ్చే తిట్లు వద్దు. అట్లా కుదరదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

గొంతు సంగతి

యాదయ్య అరిస్తే ఇంటివాళ్లు 'మేస్త్రి గట్టోడు' అనేవాళ్లు. నేను అరిస్తే 'ఈమె ఏందో గయ్యాళి ఉన్నది' అనేవాళ్లు. అరిచింది ఇద్దరమూ మాడుతున్న ఉల్లిగడ్డ గురించే. దీనికి మందు నాకు దొరకలేదు. గయ్యాళి అనిపించుకునే పనిచేశాను. మంచిది అనిపించుకోవాలని మాడిన ఉల్లిగడ్డ వడ్డించలేం కదా.

మంజుల దారి వేరే. మంజులది కర్ణాటక సరిహద్దులో ఉన్న బషీరాబాద్. పదిహేనేళ్లు నా ముఠాలో ఉంది. రొట్టెల చాప మీద మొదలుపెట్టి బట్టీల దగ్గరికి వచ్చింది. అరవదు. పని తప్పినవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి చెవిలో ఒక మాట చెప్పి వస్తుంది. ఆ మనిషి మళ్లీ తప్పడు. కోపం మరీ ఎక్కువైతే గొణుక్కుంటుంది, అదీ కన్నడంలో.

"కన్నడంల ఏమంటున్నవే?" అని ఒకసారి అడిగాను.

"నిన్నే పొగుడుతున్న పెద్దమ్మ," అంది, చూపు డేగిశ మీది నుంచి తిప్పకుండా.

చివరి నాలుగైదేళ్లు వేళలు చూసింది మంజులే. నేను చూస్తున్నానని అందరూ అనుకునేవారు. నా భర్త కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు జరిగినట్టే ఆమెకూ జరుగుతోందని నాకు తట్టలేదు.

రెండో తప్పు

మోకాళ్లు పూర్తిగా మొరాయించాక ముఠాను ఎవరికైనా అప్పగించాల్సి వచ్చింది. ఒక సాయంత్రం అందరినీ మా ఇంటికి పిలిచి, చాయ్ పోసి, ఇక నుంచి యాదయ్యే మేస్త్రి అని చెప్పాను. యాదయ్య గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. అందరూ వెళ్లాక మంజుల ఒక్కతే మిగిలింది. గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. తర్వాత అడిగింది.

"పెద్దమ్మ, నీకు పెద్దయ్య లేడని పొయ్యి ముట్టియ్యనియ్యలె. అది ఆచారం అన్నవు. నేనూ ఒప్పుకున్న. నాకు మొగడున్నడు. మట్టెలున్నయి. నాకేం అడ్డం?"

ఆ ప్రశ్న నాకు నేను వేసుకోనే లేదు. "జనం మగమనిషిని అడుగుతరే," అన్నాను.

"జనమా, నువ్వా?"

"మాట జాగ్రత్త."

"జాగ్రత్తగనే అంటున్న. పదిహేనేండ్లు నీ దగ్గర నేర్చుకున్న. పప్పు ఎప్పుడు దించాలె అని యాదన్న ఇయ్యాలటికీ నన్నే అడుగుతడు. రేపటి సంది ఆయన చెప్తె నేను ఇనాలె. సరే. ఒప్పుకున్న పెండ్లిళ్లు అయ్యేదాక వస్త, మాట తప్ప. తర్వాత నా తొవ్వ నాది."

"ఏం చేస్తవు?"

"హైదరాబాద్‌ల హాస్టల్ వంటకు మనుషులు కావాలన్నరు. ఉల్లిగడ్డలు కోసుకుంట ఉంట. ఆడన్న ఎవ్వరూ ఆశ పెట్టరు."

వెళ్లిపోయింది. నేను ఆ రాత్రి ఏడవలేదు, నిద్ర మానుకోలేదు. కోపం వచ్చింది, పెద్దదాన్ని పట్టుకుని అంత మాట అంటుందా అని. కోపం తగ్గడానికి నాలుగైదు రోజులు పట్టింది. తగ్గాక చూసుకుంటే ఆమె అన్నదాంట్లో తప్పు ఒక్కటీ దొరకలేదు. మేస్త్రి అంటే నా కళ్ల ముందుకు మీసమే వచ్చేది. ఇన్నేళ్లు మేస్త్రి పని చేసిన నాకే మేస్త్రి అంటే మగవాడు. ఇక పెళ్లి చేసే ఇంటివాళ్లను ఏమనాలి?

అయినా మాట మార్చుకోలేదు. పదిమంది ముందు చెప్పాక మార్చుకుంటే చులకనవుతానని మొండికేశాను. ఒప్పుకున్న పెళ్లిళ్లు మూడు ఉన్నాయి. రెండు అయిపోయాయి. మూడోది అయితే మంజుల పోతుంది.

యాలాల్‌లో

మూడోది యాలాల్‌లో, ఒక రైతు ఇంటి ముందు వేసిన టెంట్లో. నేను పని చేయడానికి కాదు, ఊరికే చూడటానికి వెళ్లాను. యాదయ్య తాంబూలం తీసుకుని పొయ్యి ముట్టించాడు. అన్నీ సాఫీగానే సాగుతున్నాయి. పదిన్నర దాటాక ఆ ఇంటి పటేల్ వచ్చాడు. కొడుకు పెళ్లి. మొహంలో చెమట.

"మేస్త్రీ, లెక్క తప్పింది. ఇంకో మూడొందల మంది ఎక్కువొస్తున్నరు. ఎట్ల జేస్తవు?"

యాదయ్య వెనక్కి తిరిగి చూశాడు. అతని వెనక నేను, నా వెనక బట్టీల దగ్గర మంజుల.

"నాకు తెల్వదు పటేలా," అన్నాడు యాదయ్య. "మంజులనడుగుండ్రి."

పటేల్ నవ్వాడు. "నువ్వు మేస్త్రివి గద, ఆడామెను అడుగుడేందయ్యా?"

"నేను పొయ్యి ముట్టిస్త, మీసం తిప్పుత. వంట ఆమె చూస్తది. ఎనకట ఒకసారి తెలుసని చెప్పి నాలుగు డేగిశలు పాడు జేసిన. నాకు చాలు."

పక్కనున్న వాళ్లు నవ్వారు. పటేల్ నవ్వలేదు. ఆయనకు తొందరగా ఉంది. ముఠా నాది అని ఆయనకు తెలుసు కాబట్టి నా వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? మీలోపట మేస్త్రి ఎవరు?"

మూడు వందల మందికి ఏం చేయాలో నాకు తెలుసు. నోటి చివర ఉంది. నేను చెప్తే ఆ పూట గడిచిపోయేది. యాదయ్య మేస్త్రిగానే ఉండేవాడు, మంజుల మరుసటి రోజు హైదరాబాద్ బస్సు ఎక్కేది. ఎవరూ నన్ను తప్పు పట్టేవాళ్లు కాదు.

"మంజులే మేస్త్రి," అన్నాను. "ఆమెనే అడుగుండ్రి."

పటేల్ నన్ను, యాదయ్యను మార్చి మార్చి చూసి, ఇంక దారి లేక బట్టీల దగ్గరికి నడిచాడు. మంజుల అతని వైపు తిరగలేదు. గంటె కలుపుతూనే అడిగింది.

"మూడొందలు ఖాయమేనా, అందాజనా?"

"ఖాయమే."

"ఎన్ని గంటలకు దిగుతరు?"

"ఒంటిగంట."

"ఒంటిగంటంటె రెండనుకుంట. ముందు ఊరోళ్లను బంతికి కూసోబెట్టుండ్రి. ఇంకో బట్టీ కావాలె, మీ అన్నదమ్ముల ఇంట్ల ఉన్నదంట, తెప్పియ్యుండ్రి. పప్పుల నీళ్లు కలుపమని ఎవరన్న చెప్తె ఇనకుండ్రి, వేరేగ వండుత. అయితది, పోయి పెండ్లి చూసుకోండ్రి."

పటేల్ బట్టీ తేవడానికి మనిషిని పంపాడు. వచ్చినవాళ్లంతా తిన్నారు. మిగిలింది మా వాళ్లకు సరిపోయింది.

నేను మంజులను క్షమించమని అడగలేదు. ఆమె నాకు దండం పెట్టలేదు. సామాన్లు ఆటోలో ఎక్కించేటప్పుడు మాత్రం, "వచ్చే పెండ్లికి పొయ్యి నేనే ముట్టిస్త," అంది. సరే అన్నాను.

ఆ తర్వాత అంతా సులువుగా సాగిందని రాస్తే అబద్ధం. రెండు ఇళ్లవాళ్లు, పొయ్యి ఆడామె ముట్టిస్తుందా అని అడిగి వేరే ముఠాను పెట్టుకున్నారు. అప్పుడు, యాదయ్యను ముందు నిలబెడితే పోయేది కదా అని నా నోటిదాకా వచ్చింది. మింగాను. యాదయ్య ఇప్పటికీ ఆ ముఠాలోనే ఉన్నాడు, ఉల్లిగడ్డలు కోస్తూ అందరినీ నవ్విస్తుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇంకా అతని దగ్గరికే వచ్చి 'మేస్త్రీ' అంటారు. అతను కత్తితో బట్టీల వైపు చూపిస్తాడు.

మొన్నటి పెళ్లి

మొన్న తాండూరులోనే మా చుట్టాల పెళ్లికి వెళ్లాను. వంట మంజుల ముఠాదే. కాళ్లు ఆగక వంటశాలలోకి పోయాను. పప్పుచారు బట్టీ మీద మరుగుతోంది. నా లెక్కలో ఈ పాటికి దించి ఉండాలి. పక్కన ఉన్న గంటె తీసుకుని కలిపి చూశాను.

"మంజులా, దించరాదే. మస్తు మరిగింది."

మంజుల నా చేతిలోంచి గంటె తీసుకుంది. గట్టిగా లాక్కోలేదు, తీసుకుంది.

"ఇంక జరసేపుండాలె. బంతి కూసున్నది పెద్దమ్మ. పోయి కూసో."

వంటశాలలో పది మంది ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. నేను వెళ్లి బంతిలో కూర్చున్నాను. విస్తరిలో రొట్టె వచ్చింది, పుంటికూర వచ్చింది, అన్నం వచ్చింది. చివరికి చారు వచ్చింది. నేనైతే ముందే దించేదాన్ని. మళ్లీ వడ్డించేవాడు అటు వచ్చినప్పుడు పిలిచి, ఇంకో గంటెడు పోయించుకున్నాను.